నోటిమాట వాళ్లది, ప్రోనోటు మాది

2025లో ఉగాది ఆదివారం వచ్చింది, ఈద్ సోమవారం వచ్చింది. మార్చి 30, 31. పర్చూరులో మా ఇంటికి ఉగాది పండగ కాదు గానీ ఒక తారీఖు. కౌలు మాటలు జరిగే తారీఖు. ఆ వారమంతా అబ్బా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చుంటాడు. పొలం ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయనే ఫోన్ చేస్తే ఇంకో ఏడాది మాకు నాగలి ఉన్నట్టు. చేయకపోతే మనమే చేయాలి. ముందు ఆయన పిల్లల చదువులు అడగాలి, తర్వాత ఆయన షుగరు అడగాలి, ఆఖర్న మెల్లగా భూమి అడగాలి.

ఈసారి మా ఆపా కూతురు కూడా ఈద్‌కి వచ్చింది. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ నేర్చుకుంటోంది. ఎందుకని అడిగిన చుట్టాలకి ఉద్యోగాల లెక్క చెప్తుంది, నాకు మాత్రం "ఊరికే ఇష్టం మామూ" అంది. చాంద్ రాత్, అంటే ఉగాది సాయంత్రమే, ఒక చేతికి మెహందీ పెట్టించుకుని రెండో చేత్తో నోట్‌బుక్ తిరగేస్తూ అబ్బా మంచం మీద కూర్చుంది.

"నానా, ఈ పలాబ్రా అనే మాట నా ప్రాణం తీస్తోంది" అని మొదలుపెట్టింది.

పలాబ్రా అంటే మాట. మొదటి రోజు అంతే రాసుకుందట. తర్వాత చూస్తే ‘తెనేర్ పలాబ్రా’ అంటే మాట మీద నిలబడటం. ‘ఓంబ్రె దె పలాబ్రా’ అంటే మాట తప్పని మనిషి. ‘పెదీర్ లా పలాబ్రా’ అంటే సభలో చెయ్యెత్తి మాట్లాడే అవకాశం అడగటం. ‘కితార్ లా పలాబ్రా’ అంటే ఆ అవకాశాన్ని లాగేసుకోవటం. ఉత్త ‘పలాబ్రా!’ అంటే ఒట్టు. పెద్ద అక్షరంతో రాస్తే దైవవాక్కు. తోక కాస్త పెంచి ‘పలాబ్రోతా’ అంటే బూతు. ఒకే మాట దువాలోనూ ఉంది, గాలీలోనూ ఉంది.

అబ్బా నవ్వాడు. "ఇందులో ముష్కిల్ ఏముందమ్మా! మన జబాన్ కూడా అంతేగా." నిజమే. ఉర్దూలో జబాన్ నోట్లో ఉండే నాలుక, మాట్లాడే భాష, ఇచ్చే వాదా కూడా. జబాన్ దియా అంటే మాటిచ్చాడని. తెలుగులో అయితే చెప్పనే అక్కర్లేదు. మాట ఇస్తాం, తప్పుతాం, నిలబెట్టుకుంటాం. ఒకడు మాట అంటే ఇంకొకడు మాట పడతాడు. పక్షవాతమొస్తే మాట పడిపోతుంది. పిల్లాడు మాట వినడు. రెండిళ్ల వాళ్లు కలిసి సంబంధం ‘మాట్లాడుకుంటారు’. ఇవన్నీ మనకు ఎవరూ బోర్డు మీద రాసి నేర్పలేదు. ఎవరు ఎవరితో ఏ మొహం పెట్టి అంటున్నారో చూసి నేర్చుకున్నాం.

అప్పుడు భాంజీ ఇంకోటి అడిగింది. "నానా, ‘దె పలాబ్రా’ అని ఉంది. కాగితం లేకుండా, నోటితోనే ఖరారు చేసుకునే ఒప్పందం. దాన్ని మనం ఏమంటాం?"

అబ్బా ఆలోచించలేదు. "కౌలు" అన్నాడు.

ఆ పిల్ల నవ్వి రాసుకుంది. నేను నవ్వలేకపోయాను. నలభై ఏళ్లుగా ఆ మాట వింటున్నాను, మా అన్నం ఆ మాట నుంచి వచ్చింది, నాకు ఎప్పుడూ తట్టలేదు. కౌలు అంటే ఖౌల్. అరబ్బీలో ఖౌల్ అంటే మాట, పలికిన పలుకు, ఇచ్చిన వాదా. ఖవ్వాలీ అందులోంచే వచ్చింది, ఖవ్వాల్ అందులోంచే వచ్చాడు. ఖౌల్-ఓ-ఖరార్ అని ఉర్దూ షాయర్లు మొహబ్బత్ గురించి రాసుకుంటారు. అదే మాట నల్లరేగడిలో దిగి, చివర ఒక ‘ఉ’ తగిలించుకుని, ఎకరానికి ఇంత అని రేటు కట్టుకుని మా ఇంట్లో కూర్చుంది.

ఓనరు ఫోన్ ఆ రాత్రే వచ్చింది.

ఆ ఫోన్ సంగతి చెప్పేముందు దాని వెనక ఉన్న సంగతి చెప్పాలి. 2021-22లో నల్ల తామరపురుగు వచ్చి గుంటూరు, ప్రకాశం మిరప పూతని పూతలోనే తినేసింది గుర్తుందిగా. ఆ దెబ్బ నుంచి లేవటానికి మాకు ఏడాది పట్టింది. 2023 ఉగాదికి ఓనరు అబ్బాతో అన్నాడు: "సాయిబు గారూ, ఈ నాలుగెకరాలు మూడేళ్లు మీరే చేసుకోండి. ఎకరం 30,000. పెంచను. ఇది నా మాట." నేను పక్కనే ఉన్నాను, స్పీకర్ ఆన్‌లో ఉంది. ఆ మాట మీద భరోసాతో అబ్బా ఆ పొలానికి చెరువుమట్టి తోలించాడు, గొర్రెల మంద కట్టించాడు. పల్లెలో పుట్టినవాళ్లకి చెప్పక్కర్లేదు, మట్టి తోలిన ఫలితం ఒక్క ఏడాదిలో చేతికి రాదు. మూడేళ్ల మాట కాబట్టే తోలించాడు. తోలించిన డబ్బు ప్రోనోటు మీద తెచ్చాడు.

మరి మొన్న చాంద్ రాత్ నాడు ఫోన్‌లో ఏమన్నాడంటే, "వేరేవాళ్లు 38,000 ఇస్తామంటున్నారు సాయిబు గారూ. మీరు పాతవారు కాబట్టి ముందు మీకే చెప్తున్నా." అబ్బా మెల్లగా అన్నాడు, "బాబూ, మూడేళ్లని మాటిచ్చారు గదా, ఇంకో ఏడాది ఉంది." అవతల ఒక్క క్షణం ఆగి, నవ్వి అన్నాడు:

"అదేదో అప్పుడు మాట వరసకి అన్నాను లెండి."

భాంజీ రాసుకున్న లిస్టులో ఈ అర్థం లేదు. మాట వరసకి. అబ్బా మాట అనుకున్నది ఆయనకి మాట వరస. ఏ నిఘంటువు తప్పు పడదాం భాయ్? సందర్భాన్ని బట్టి అర్థం మారుతుందని భాషలు నేర్పేవాళ్లు చెప్తారు. ఆ రాత్రి నాకు అర్థమైన సబక్ వేరు. మా దగ్గర అర్థం సందర్భాన్ని బట్టి మారటం లేదు, భూమి ఎవరిదన్నదాన్ని బట్టి మారుతోంది. ఓనరు అదే మాట అబ్బాతో అనిపించుకుని ఉంటే? ‘ఎకరం 30,000 ఇస్తానని మాట వరసకి అన్నాను బాబూ, 22,000 ఇస్తా’ అని అబ్బా అంటే అదే ఊళ్లో అబ్బాని ఏమనేవాళ్లు? మోసగాడు అనేవాళ్లు. బేఇమాన్ అనేవాళ్లు. ‘తుర్కోడి మాట’ అని వెనకాల ఇంకో సామెత తయారయ్యేది.

ఇంకా ఆ ఏడాది ఎలాంటి ఏడాదో చూడండి. గుంటూరు యార్డులో మిర్చి ధర కూలిపోయి, ఫిబ్రవరిలో కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాకి 11,781 అని ఒక ధర ప్రకటించాల్సి వచ్చిన ఏడాది. పంట ధర కిందికి, కౌలు పైకి.

ఇప్పుడు ఈ కౌలు అనే మాట పాతరోజుల్లో ఎలా ఉండేదో చెప్తాను. దక్కన్ సుల్తానుల కాలంలో, తర్వాత మొఘల్ కాలంలో, కౌలు నోటిమాట కాదు. కౌల్‌నామా. రాసి, ముహర్ వేసి ఇచ్చేది. యుద్ధమో కరువో వచ్చి రైతులు ఊళ్లు వదిలి పారిపోయినప్పుడు సర్కారు వాళ్లకి కౌలు ఇచ్చేది: రండి, ఈ బీడు దున్నండి, మొదటి ఏళ్లు శిస్తు తక్కువ తీసుకుంటాం, ఏటా కొంచెం కొంచెం పెంచుతాం, ఇంతకుమించి అడగం అని. అంటే బలమున్నవాడు బలహీనుడికి రాసిచ్చే హామీ అది. రైతు తిరిగి రాసిచ్చేది కబూలియత్. నువ్వు చెప్పినదానికి నేను ఒప్పుకున్నాను అని. రెండు కాగితాలు. ఒకటి అటు నుంచి, ఒకటి ఇటు నుంచి. 1580 ప్రాంతంలో కొండవీడు కుతుబ్‌షాహీల చేతికి వచ్చింది, తర్వాత ఈ సీమకు ముర్తజానగర్ అన్న పేరూ వచ్చింది, 1788లో గుంటూరు సర్కారు కుంపిణీ చేతికి పోయింది. ఆ రెండువందల ఏళ్లలో మన పొలాల్లోకి దిగిన మాటల్లో కౌలు ఒకటి. రైతు కూడా అప్పటిదే, శిస్తు అప్పటిదే, హక్కు అప్పటిదే, ఖరీఫూ రబీ అప్పటివే.

ఆ రాజులు ధర్మాత్ములని నేను అనటం లేదు. రాసిచ్చి తప్పినవాళ్లు బోలెడుమంది. తెల్లవాళ్లు 1886లో అచ్చేసిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువు ఉంది, ఇండియాలో ఇంగ్లీషువాళ్ల నోట నలిగిన మన మాటలన్నీ అందులో ఉంటాయి. అందులో కౌలుకి అర్థం చెబుతూ రాసిన పెద్దలు ఉదాహరణకి ఇక్కడి సంగతి తీసుకోలేదు. యూరప్ చక్రవర్తి సిగిస్మండ్ జాన్ హుస్ అనే మతబోధకుడికి ప్రాణానికి భయంలేదని కౌలు ఇచ్చి తప్పిన ముచ్చట తీసుకున్నారు. ఆ హుస్‌ని 1415లో బతికుండగానే తగలబెట్టారు. కౌలు అంటే ఏమిటని అడిగితే నిఘంటువు కూడా తప్పిన కౌలునే చూపించింది! అయినా అక్కడ ఒక ఫరక్ ఉంది. కాగితం ఉంది కాబట్టి తప్పాడని ఆరువందల ఏళ్ల తర్వాత కూడా అనగలుగుతున్నాం. మా ఓనరు తప్పాడని నేను ఎక్కడ చూపించను?

ఇప్పుడు ఆ రెండు కాగితాల్లో ఏది మిగిలింది? కబూలియత్ మిగిలింది. పేరు మారింది, అంతే. కౌలు సొమ్ము ముందే కట్టాలి, దానికి అప్పు తేవాలి, అప్పిచ్చేవాడు ప్రోనోటు రాయించుకుంటాడు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించుకుంటాడు, ఇద్దరు గవాహ్‌లని పిలుస్తాడు, కొందరు ఖాళీ చెక్కు కూడా తీసుకుంటారు. పురుగుమందుల కొట్లో ఖాతా పుస్తకం ఉంది, అందులో అబ్బా సంతకం ఉంది. అందరి దగ్గరా అబ్బా కాగితం ఉంది. అబ్బా దగ్గర ఎవరి కాగితమూ లేదు. నోటిమాట వాళ్లది, ప్రోనోటు మాది.

భాంజీ ఆ రాత్రి ఇంకో సంగతి చెప్పింది, నా బుర్ర తిరిగిపోయింది. స్పానిష్‌లో అద్దెని ‘అల్కిలేర్’ అంటారట. అది అరబ్బీ అల్-కిరా. మన కిరాయి! ఏడెనిమిదివందల ఏళ్లు అరబ్బీ మాట్లాడిన నేల కదా అది. పత్తిని ‘అల్గొదోన్’ అంటారు, అదీ అరబ్బీ నుంచే. అబ్బా పత్తి మాటకి మురిసిపోయాడు, నేను కిరాయి దగ్గర ఆగిపోయాను. ఎందుకంటే ఈ పిల్ల హైదరాబాద్‌లో ముగ్గురు స్నేహితురాళ్లతో ఒక గది కిరాయికి తీసుకుంది. దానికి స్టాంపు పేపర్ మీద 11 నెలల అగ్రిమెంటు ఉంది. ఫ్యాన్లు ఎన్ని, బల్బులు ఎన్ని, గోడకి మేకు కొట్టొచ్చా లేదా అన్నీ రాసి ఉన్నాయి. నలుగురు ఆడపిల్లలు పడుకునే గదికి కాగితం ఉంది, నాలుగెకరాల మిర్చికి లేదు. మా ఓనరుకి హైదరాబాద్‌లో రెండు ఫ్లాట్లు ఉన్నాయి, కిరాయికి ఇచ్చాడు. వాటికి కాగితం రాయించుకోకుండా తాళంచెవి ఇస్తాడా? ‘మా అపార్ట్‌మెంట్‌లో అంతా మాట మీదే నడుస్తుంది’ అంటాడా?

మాట మీద నడిచే ఊళ్లండీ మావి, కాగితాలు అడిగితే అవమానం అంటారు కొందరు పెద్దలు. ఈ కబుర్లు చెప్పేవాళ్లని ఒక్కటే అడుగుతాను. ఆ నాలుగెకరాలు కొన్నప్పుడు మాట మీద కొన్నారా, పర్చూరు రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లారా? వేలిముద్రలు వేసి, ఫోటోలు దిగి, లింకు డాక్యుమెంట్లు అడిగి, ఈసీ తీయించి కొన్నారుగా. అమ్మేవాడు అవమానపడలేదుగా. కొనేటప్పుడు కాగితం జాగ్రత్త అయింది, కౌలుకిచ్చేటప్పుడు మాత్రం కాగితం అడగటం నమ్మకద్రోహమయింది. ఈ ఇజ్జత్ లెక్క నాకు అంతుపట్టదు.

ఓనర్ల భయం అబద్ధమని నేను అనను, ఇన్సాఫ్‌గా మాట్లాడాలి. 1956 కౌలుదారీ చట్టానికి 1974లో చేసిన సవరణలో ఆరేళ్ల కన్నా తక్కువకు కౌలు ఇవ్వకూడదన్నారు, కౌలుదారుని తేలిగ్గా కదపలేరన్నారు. మంచి ఉద్దేశమే. కానీ కాగితం రాస్తే భూమి పోతుందనే భయం అప్పటి నుంచీ భూస్వాముల రక్తంలోకి ఎక్కింది. రైతుని కాపాడాలని చేసిన చట్టం రైతు పేరే కాగితం మీద లేకుండా చేసింది. అది చట్టం చేసినవాళ్ల తప్పో, అమలు చేయనివాళ్ల తప్పో మీరు తేల్చుకోండి. ఆ భయం పోగొట్టాలనే కదా 2011లో ఇంకో చట్టం తెచ్చారు! గ్రామసభలో విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేది. భూమి మీద ఏ హక్కూ రాదు, ఓనరు సంతకం అక్కర్లేదు, ఏడాదికే చెల్లుతుంది. అబ్బాకి 2012లో ఆ కార్డు వచ్చింది. బ్యాంకులో చూపిస్తే ఆ భూమి మీద ఓనరు అప్పటికే పంట రుణం తీసుకున్నాడని చెప్పారు. ఒక భూమి మీద రెండు పంట రుణాలు ఎలా ఇస్తారు? పంట వేసింది మేము, పంట రుణం ఆయనది. కార్డు మాత్రం మా ఇంట్లో చాలాకాలం అద్దం వెనక ఉంది, అమ్మీ దాని మీద సూదులు గుచ్చుకునేది.

2019లో పంటసాగుదారుల హక్కుల చట్టం వచ్చి పాత రెండు చట్టాలనీ పక్కన పెట్టింది. 11 నెలల ఒప్పందం, ఒక ఫారం, దానిమీద ఓనరు సంతకం చేస్తే సాగుదారు కార్డు. భూమి హక్కుకి ఢోకా లేదని అందులో సాఫ్‌గా రాశారు. పేరులో హక్కు అన్నారు గానీ ఆ హక్కు తాళంచెవి ఓనరు జేబులో పెట్టారు. ఆయన సంతకం చేయకపోతే మేము సాగుదారులం కాము. పొద్దున ఫజర్ నమాజ్ చదివి పొలానికి వెళ్లి మగ్రిబ్‌కి తిరిగొచ్చేవాడు సాగుదారు కాడు. ఈ-క్రాప్ నమోదుకి వచ్చినప్పుడు మిరపచేలో నిలబడింది అబ్బా, పేరు పడింది ఓనరుది. పంట పోయిందని సర్కారు ఏదైనా ఇస్తే ఆ పేరుకి పోతుంది. కేంద్రం ఏడాదికి ఇచ్చే పీఎం కిసాన్ 6,000 భూమి ఉన్నవాళ్లకే. ఆఖరికి అప్పుల బాధతో రైతు ఉరేసుకుంటే ఇచ్చే 7 లక్షలకి కూడా, కౌలుదారైతే, కార్డు ఉందా అని అడుగుతారు. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసినప్పుడు ఈ గుంటూరు, ప్రకాశం పల్లెల్లోనే రైతులు పురుగుమందు తాగారు. అప్పటి నుంచి ఎన్ని కమిటీలు, ఎన్ని రిపోర్టులు! చనిపోయినవాడు రైతేనని రుజువు చేసుకోవాల్సిన పని ఇంకా వాడి భార్య నెత్తినే ఉంది. ఆమె ఇద్దత్‌లో ఉంటుందో, పసుపుకుంకాలు తుడుచుకుని ఉంటుందో, ఆ స్థితిలో వెళ్లి ఓనరుని అడగాలి: అయ్యా, నా మొగుడు మీ పొలం చేసేవాడని ఒక్క మాట చెప్పండి అని.

ఒక్క మాట. చూశారా, మళ్లీ అదే. పెదీర్ లా పలాబ్రా.

ఈ సంతకం షరతు తీసేయాలి. ఇది నా ముతాలిబా, ఇందులో నాకు మొహమాటం లేదు. ఎవరు సాగు చేస్తున్నారో ఊళ్లో అందరికీ తెలుసు. గట్టు పక్క రైతుకి తెలుసు, ట్రాక్టరు డ్రైవరుకి తెలుసు, మిరపకాయలు కోసిన కూలీలకి తెలుసు, పురుగుమందుల కొట్టుకి బాగా తెలుసు. ఇద్దరు గవాహ్‌లుంటే నిఖా చెల్లుతుంది, నలుగురు గట్టు పక్క రైతుల గవాహీకి ఒక కార్డు రాదా? ఓనరు సంతకం చేస్తే సరే. చేయకపోతే గ్రామసభ విచారించి ఇవ్వాలి. కార్డుతో భూమి హక్కు రాదని ఇంకోసారి పెద్దక్షరాలతో రాసుకోండి, మాకు అభ్యంతరం లేదు. మాకు కావలసింది ఆయన భూమి కాదు, మా పంట మాదేనని ఒప్పుకోవటం.

మనవాళ్లకి కూడా రెండు మాటలు చెప్పాలి. లేకపోతే ఇది గైర్లని తిట్టటానికి రాసిన వ్యాసమని అనుకుంటారు. మనలో భూములున్నవాళ్లు లేరా? ఉన్నారు. గల్ఫ్‌లో, హైదరాబాద్‌లో ఉండి ఊళ్లో పొలం కౌలుకి ఇచ్చిన సాబ్‌లు నాకు తెలుసు. వాళ్లూ కాగితం రాయరు. అడిగితే ‘మనమంతా కలిమా చదివినవాళ్లం, మన మధ్య కాగితమేమిటి భాయ్’ అంటారు. అయ్యా, ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ దేని గురించి? నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. సూరె బఖరాలోని ఆ ఆయత్ బాకీలు రాసుకోవటం గురించి. రాయించండి, గవాహ్‌లని పెట్టుకోండి, చిన్న మొత్తమని బద్ధకించకండి అని అంత వివరంగా చెప్పింది. అది ఒకరినొకరు నమ్మే జమాత్‌కే చెప్పింది. నిఖాలో కబూల్ అన్న మాటతోనే పెళ్లి అవుతుంది, అయినా నిఖానామా రాస్తాం, మెహర్ ఎంతో అందులో వేస్తాం. దూల్హా ఏమైనా నామోషీ పడుతున్నాడా? మాట గట్టిదైతే కాగితం దాన్ని పలచన చేయదు.

అబ్బాతో ఈ విషయం మీద నేను పోట్లాడాను. 2023లో స్పీకర్ ఆన్‌లో ఉన్నప్పుడే, కాగితం అడుగు అబ్బా అన్నాను. "జబాన్ దియే సో ఆద్మీ కూ కాగజ్ కైకూ పూఛ్నా?" అన్నాడు. మాటిచ్చిన మనిషిని కాగితం అడగటం ఆయనకి తహజీబ్ కాదు. ఆ తహజీబ్ అంటే నాకు గౌరవమే, దానితోనే పెరిగాను. కానీ తహజీబ్ ఒకవైపు నుంచే నడుస్తుంటే దాన్ని ఇంకో పేరుతో పిలవాలి. అబ్బా ఇచ్చిన ఏ మాటా ఆయన అప్పులవాళ్లు మాట మీద తీసుకోలేదు, రాయించుకున్నారు. ఆయన కూడా రాసిచ్చాడు, తప్పుగా అనుకోలేదు.

ఈ మధ్య కొందరు అచ్చతెలుగు ప్రేమికులు బయల్దేరారు. కౌలు ఉర్దూ మాట, గుత్త అనాలి అని ఒకాయన నాకు చెప్పాడు. చెప్పండి జనాబ్, అనండి. బ్రౌను దొర 1854లోనే తెలుగులో కలిసిన పరాయి మాటలకి విడిగా ఒక నిఘంటువు వేశాడు, ఆ పని చేయాలనుకుంటే అక్కడి నుంచి మొదలుపెట్టండి. కౌలుతోపాటు రైతుని కూడా ఏరేయాలి, హక్కుని ఏరేయాలి, బాకీ, వసూలు, రసీదు, అసలు, ఇవన్నీ ఏరేయాలి. ఏరేశాక కూడా కౌలు అలాగే పెరుగుతుంది, గుత్త అనే పేరుతో. మా మాటలకి ఈ నేలలో నాలుగువందల ఏళ్ల పట్టా ఉంది. ఆ మాటలు పట్టుకుని దున్నేవాడికి 11 నెలల కాగితం కూడా లేదు, దాని గురించి ఎవరైనా ఒక సభ పెట్టండి, నేనూ వస్తాను.

ఇక ఆ నాలుగెకరాల సంగతి. 38,000 అబ్బా వల్ల కాలేదు. వదిలేశాడు. మేము తోలిన చెరువుమట్టి ఇప్పుడు ఇంకొకరి చేలో ఉంది, వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ కౌలువాళ్లే, వాళ్లూ మాట మీదే ఉన్నారు. ఈద్ నమాజ్ అయ్యాక ఈద్గా దగ్గర అందరూ గలే మిలుతుంటే అబ్బా ఒక పక్కన నిలబడి ఫలానా వాళ్ల పొలం ఖాళీ ఉందా అని ఇద్దరు ముగ్గుర్ని అడుగుతున్నాడు. అత్తర్ వాసన మధ్యలో కౌలు బేరం.

జూన్‌లో రెండెకరాలు దొరికాయి. ఈ ఓనరు ఊళ్లోనే ఉంటాడు, పెద్దమనిషి. ఈసారి నేను ముందే తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్లాను. పేర్లు, ఎకరాలు, రేటు, రెండేళ్లు, మధ్యలో పెంచేది లేదు. భూమి మీద మాకు ఏ హక్కూ లేదని కూడా నేనే రాశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఇదంతా ఎందుకు నాయనా, మా మాట చాలదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అబ్బా అన్నాడు: "చాలు అయ్యా. మీ మాట మీద నమ్మకంతోనే రాసుకొచ్చాం." ఆయన కాసేపు అబ్బా మొహం చూసి, పెన్ను తీసి సంతకం పెట్టాడు.

సర్వే నంబరు మాత్రం రాయనివ్వలేదు. "అది తర్వాత చూద్దాంలే" అన్నాడు. కాగితం ఇప్పుడు అమ్మీ పెట్టెలో ఉంది. సర్వే నంబరు అని రాసి, రెండు చుక్కలు పెట్టి, పక్కన నేను వదిలిన ఖాళీ అలాగే ఉంది.